గ్రాండ్‌మాస్టర్ హోదా తర్వాతి ఏళ్ల గురించి కూడా రాయండి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

2025 జులై చివరి వారంలో జార్జియాలోని బటూమి నగరంలో మహిళల ప్రపంచ కప్ చదరంగం ఫైనల్ జరిగింది. ఫైనల్ చేరిన ఇద్దరూ భారతీయులే కావడం ఆ పోటీల చరిత్రలో అదే మొదటిసారి. నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ పందొమ్మిదేళ్ల వయసులో కప్పు గెలుచుకోగా, ముప్పై ఎనిమిదేళ్ల కోనేరు హంపి రెండో స్థానంలో నిలిచారు. దివ్య విజయానికి పతాక శీర్షికలు దక్కడం ఎంతో సముచితం. కాని హంపి గురించి నేను చదివిన వార్తల్లో మాత్రం నిరాశ, ఓటమి, చేజారిన కప్పు అన్న ధోరణి తప్ప మరొకటి కనిపించలేదు. దివ్య పుట్టడానికి మూడేళ్ల ముందే గ్రాండ్‌మాస్టర్ అయిన క్రీడాకారిణి ఇరవై మూడేళ్ల తర్వాత కూడా ప్రపంచ స్థాయి ఫైనల్‌లో ఎలా కూర్చోగలిగారన్న ప్రశ్నను ఎవరూ వేయలేదు. నాకు ఆ కప్పు కన్నా ఆ ప్రశ్నే ముఖ్యమనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

హంపి పుట్టిన గుడివాడలోనే నేను గణిత ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఆదివారాల్లో పిల్లలకు చదరంగం నేర్పుతాను. జిల్లా పోటీలకు ఆర్బిటర్‌గా, అంటే న్యాయనిర్ణేతగా వెళుతుంటాను. పిల్లవాణ్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అడిగే మొదటి మాట, “మావాడు గ్రాండ్‌మాస్టర్ ఎప్పుడవుతాడు మాస్టారూ?” అని. ఆ హోదా వచ్చిన రోజుతో అంతా అయిపోయినట్టే వారి ఆలోచన ఉంటుంది. దీనికి వారిని తప్పుపట్టలేను. వారు పత్రికల్లో చదివేది ఆ ఒక్క రోజు గురించే. పన్నెండేళ్లకో పదిహేనేళ్లకో హోదా వచ్చిన రోజున పూలదండలతో ఫోటో వేస్తారు. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఏమయ్యాడో, ఎలా బతుకుతున్నాడో, ఆట ఎంత పెరిగిందో, ఎందుకు ఆగిందో ఎక్కడా రాయరు.

ఆ హోదా తేలికగా వచ్చేదని నేను అనడం లేదు. కనీసం తొమ్మిది ఆటలున్న పోటీలో, కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లతో ఆడుతూ, 2600 రేటింగ్‌కు (క్రీడాకారుల బలాన్ని చూపే అంకె) సరిసమానమైన ప్రదర్శన చేస్తే ఒక నార్మ్ వస్తుంది. సాధారణంగా అటువంటివి మూడు సంపాదించి, 2500 రేటింగ్‌కు చేరినప్పుడే హోదా దక్కుతుంది. ప్రత్యర్థుల్లో విదేశీయులు కూడా ఉండాలన్న నిబంధన వల్ల మన పిల్లలు ఎంతోకాలంగా యూరప్ ఊళ్ల చుట్టూ తిరుగుతున్నారు. హంపి కూడా 2002 మే నెలలో చివరి నార్మ్‌ను హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోనే పూర్తిచేశారు. అప్పటికి ఆమె వయసు 15 సంవత్సరాల 1 నెల 27 రోజులు. అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళగా హంగరీకి చెందిన జుడిట్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది. భారతదేశంలో గ్రాండ్‌మాస్టర్ అయిన తొలి మహిళ ఆమే. అప్పటికి దేశం మొత్తం మీద గ్రాండ్‌మాస్టర్లు పదిమంది కూడా లేరు. 2025లో దివ్య ఆ హోదా పొందేసరికి ఆమె 88వ వారు.

గ్రాండ్‌మాస్టర్ కాకముందే హంపి 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచారు. తండ్రి కోనేరు అశోక్ ఉద్యోగం మానుకొని కూతురికి కోచ్‌గా మారారు. ఇదంతా మన పాఠకులకు తెలిసిన కథే. కథ అక్కడితో ఆగిపోవడమే నా ఫిర్యాదు.

హోదా వచ్చాక ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. రేటింగ్ ఒకసారి 2400 దాటిన క్రీడాకారులకు ఒక్కో ఆటలో రేటింగ్ పెరిగినా తగ్గినా పది పాయింట్లకు మించదు. 2600 ఉన్నవారు 2400 ఉన్నవారితో ఆడి గెలిస్తే వచ్చేది సుమారు 2.4 పాయింట్లు; డ్రా చేసుకుంటే పోయేది 2.6, ఓడిపోతే 7.6. అంటే పైకి ఎక్కినకొద్దీ తనకన్నా బలహీనులతో ఆడడంలో లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ. తనతో సమానులు ఆడే పోటీలకు ఆహ్వానం రావాలంటే మళ్లీ ఆ రేటింగే కావాలి. మధ్యలో చిక్కుకున్నవారు తొమ్మిది రోజులపాటు ఎవరికీ తెలియని ఊళ్లో, ఎవరికీ తెలియని ప్రత్యర్థులతో ఆడి, నాలుగు పాయింట్లు పోగొట్టుకుని ఇంటికి వస్తారు. ఆ రోజు వారి గురించి వార్త రాదు. కాని వృత్తి అంటే ఎక్కువ భాగం అటువంటి రోజులే.

హంపి ఆ మెట్లన్నీ ఎక్కారు. 2007 అక్టోబర్‌లో 2606 రేటింగ్‌తో, జుడిట్ పోల్గార్ తర్వాత 2600 దాటిన రెండో మహిళ అయ్యారు. 2009లో 2623 దాకా వెళ్లారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో వ్యక్తిగత విభాగంలోనూ, మిశ్రమ జట్టులోనూ స్వర్ణాలు గెలిచారు. ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లో మాత్రం 2004, 2008, 2010లలో సెమీఫైనల్ దగ్గరే ఆగవలసి వచ్చింది. చివరి రెండుసార్లూ ఆమెను ఓడించింది చైనాకు చెందిన హౌ యిఫాన్. 2011లో అల్బేనియాలోని టిరానాలో కిరీటం కోసం అదే హౌ యిఫాన్‌తో తలపడి 5.5–2.5 తేడాతో ఓడిపోయారు. అయిదు ఆటలు డ్రా అయ్యాయి, మూడు ఆమె చేజారాయి. అంతమాత్రాన ఆ దశాబ్దాన్ని వైఫల్యమనడం నాకు సమ్మతం కాదు. ప్రపంచంలో తనకన్నా బలమైన మహిళలు ఒకరిద్దరే ఉన్న స్థితిలో పదేళ్లపాటు నిలబడడం ఎంతటి పనో ఆట తెలిసినవారు అర్థం చేసుకోగలరు.

తర్వాతి అధ్యాయం నా దృష్టిలో మరింత విలువైనది. 2014లో వివాహం, 2017లో కూతురు పుట్టడం, ఆ కారణంగా దాదాపు రెండేళ్లు పోటీలకు దూరం కావడం జరిగాయి. చదరంగంలో రెండేళ్లంటే మామూలు విషయం కాదు. ఏడాదిపాటు రేటింగ్ పోటీలు ఆడకపోతే అంతర్జాతీయ సమాఖ్య పేరును క్రియాశీల జాబితా నుంచి పక్కన పెడుతుంది. మనం పసిబిడ్డకు జోల పాడుతున్న సమయంలో ప్రత్యర్థులు కంప్యూటర్ ముందు కూర్చుని మన ప్రారంభ ఎత్తులన్నింటికీ విరుగుడు తయారుచేస్తూనే ఉంటారు. 2018లో ఇదే బటూమిలో దేశాల జట్ల మధ్య జరిగిన ఒలింపియాడ్‌తో ఆమె తిరిగి వచ్చారు. ఏడాది తిరిగేసరికి రష్యాలోని స్కోల్కోవోలో గ్రాండ్ ప్రి గెలిచారు. ఆ డిసెంబర్‌లో మాస్కోలో చైనాకు చెందిన లే టింగ్‌జీతో టైబ్రేక్ ఆడవలసి వచ్చినప్పుడు మొదటి బ్లిట్జ్ (కొద్ది నిమిషాల అతివేగపు) ఆట ఓడి, రెండోది గెలిచి, ఆర్మగెడాన్ అనే చివరి నిర్ణాయక ఆటతో ప్రపంచ ర్యాపిడ్ (వేగపు చదరంగం) చాంపియన్ అయ్యారు. అప్పటికి కూతురికి రెండేళ్లు.

2022లో అల్మాటీలో ప్రపంచ బ్లిట్జ్ రజతం, 2023లో సమర్‌ఖండ్‌లో ప్రపంచ ర్యాపిడ్ రజతం వచ్చాయి. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయారు. ఆ తర్వాత పది ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు సంపాదించి, ఆఖరి రౌండ్‌లో నల్లపావులతో ఇండొనేసియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో పుణెలో గ్రాండ్ ప్రి, డిసెంబర్‌లో దోహాలో ర్యాపిడ్ కాంస్యం కూడా ఆమె ఖాతాలో చేరాయి.

ఇక బటూమి ఫైనల్ వద్దకు వస్తాను. ఫైనల్‌కు ముందు జరిగిన సెమీఫైనల్‌ను మన పత్రికలు దాదాపు పట్టించుకోలేదు. ప్రత్యర్థి మళ్లీ అదే లే టింగ్‌జీ. ఎక్కువ సమయమిచ్చే రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. మర్నాడు పదిహేను నిమిషాల ఆటలు రెండూ డ్రా. పది నిమిషాల ఆటల్లో మొదటిది హంపి ఓడిపోయారు. రెండోది గెలవకపోతే ఆ రోజే ఇంటిదారి పట్టాలి. డ్రా చేసుకుంటే చాలన్న ధీమాతో ఎదుటివారు పావులను మార్చుకుంటూ, బల్లను ఖాళీ చేసుకుంటూ పోతారు కనుక, తప్పక గెలవాల్సిన ఆటను గెలవడం చదరంగంలో చాలా కష్టమైన పని. ఆమె గెలిచారు. తర్వాత అయిదు నిమిషాల ఆటలు రెండింటినీ వరుసగా గెలిచి 5–3తో ఫైనల్ చేరారు. అన్ని గంటలు కుర్చీలో కూర్చుని, గడియారం మీట నొక్కుతూ, తనకన్నా పదేళ్లు చిన్నవారైన ప్రత్యర్థి అలసటను కూడా లెక్కలోకి తీసుకుంటూ ఆడడం వెనుక ఇరవై ఏళ్ల సాధన ఉంది. ఫైనల్‌లోనూ రెండు క్లాసికల్ ఆటలు, మొదటి ర్యాపిడ్ ఆట డ్రా అయ్యాయి. రెండో ర్యాపిడ్ ఆటలో సమయం తరిగిపోతున్న వేళ జరిగిన పొరపాట్లతో కప్పు దివ్య వశమయింది. సెమీఫైనల్ గురించి ఒక్క పేరా రాసి ఉంటే, ఫైనల్ ఓటమిని పాఠకులు వేరుగా చదివేవారు.

ఈ నిలకడకు ఆధారం ఏమిటన్నది కూడా రాయవలసిన విషయమే. హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగిని. మన దేశంలో పెట్రోలియం రంగ సంస్థలు చదరంగ క్రీడాకారులకు ఎంతోకాలంగా ఉద్యోగాలిస్తున్నాయి. నెల నెలా వచ్చే జీతం లేకపోతే రెండేళ్ల విరామం తీసుకుని తిరిగి రావడం చాలామందికి సాధ్యపడదని నా నమ్మకం. ఇంటి అండ దీనికి తోడు. న్యూయార్క్‌లో గెలిచాక ఆమె భర్తను, తల్లిదండ్రులను తలచుకోవడం అందరూ విన్నదే. బటూమిలో విజేతకు 50,000 డాలర్లు, రన్నరప్‌కు 35,000 డాలర్లు అందాయి. మొదటి రౌండ్‌లో వెనుదిరిగిన వారికి అందింది విజేత మొత్తంలో పదో వంతు కూడా కాదు. ఆ పోటీకి అర్హత సంపాదించడానికే ఏళ్లు పడుతుంది. అంతకు కిందిస్థాయి పోటీల్లో బహుమతి సొమ్ము తరచు విమానం టికెట్టుకు కూడా సరిపోదు. అందుకే గ్రాండ్‌మాస్టర్లలో ఎక్కువమంది విదేశీ లీగుల్లో ఆడుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ, పెద్ద క్రీడాకారులకు సహాయకులుగా పనిచేస్తూ జీవనం సాగిస్తారు.

మన రాష్ట్రాల్లోనే దీనికి మంచి ఉదాహరణలున్నాయి. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. ఆయన 2700 దాటింది 2013లో. ప్రపంచంలో పదో ర్యాంకుకు చేరింది 2016లో, అంటే హోదా వచ్చిన పదిహేనేళ్లకు. 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఎత్తులు సిద్ధంచేసిన బృందంలో ఆయన ఒకరు. అదే సంవత్సరం బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. గుంటూరుకే చెందిన ద్రోణవల్లి హారిక 2012, 2015, 2017లలో మూడుసార్లు ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచారు. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుకు కాంస్యం రావడంలో పాలుపంచుకున్నారు. 2024లో బుడాపెస్ట్‌లో మహిళల జట్టుతో స్వర్ణం అందుకున్నారు. వరంగల్ యువకుడు అర్జున్ ఎరిగైసి 2018లో హోదా పొంది, 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్‌కు చేరారు. ఆనంద్ తర్వాత ఆ స్థాయిని అందుకున్న భారతీయుడు అర్జున్ ఒక్కరే. వీరిలో ఎవరికీ అసలు ఎదుగుదల హోదాతో ఆగలేదు.

ఈ విషయం తెలియకపోవడం వల్ల జరుగుతున్న నష్టం నేను కళ్లారా చూస్తున్నాను. పదేళ్ల పిల్లలను బడి మాన్పించి రోజంతా బల్ల ముందు కూర్చోబెడుతున్నారు. పొలం అమ్మి, బంగారం కుదువపెట్టి విదేశీ పోటీలకు పంపుతున్నారు. రేటింగ్ 2200 దగ్గర రెండేళ్లు ఆగిపోతే, ‘వీడివల్ల కాదు’ అని ఒక్కసారిగా ఆట మాన్పిస్తున్నారు. ఆడపిల్లల విషయంలోనైతే పెళ్లి సంబంధాలు మొదలయ్యే వయసే చదరంగానికి చివరి వయసు అవుతోంది. తల్లి అయ్యాక రెండుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన ఒక మహిళ మన జిల్లాలోనే పుట్టిందని ఆ ఇళ్లలో చెప్పాల్సి వస్తున్నది. ఆ మాట నేను చెప్పడం కన్నా పత్రిక చెబితే బరువుంటుంది.

ప్రభుత్వాలకు కూడా ఒక విన్నపం చేయవలసి ఉంది. పతకం వచ్చిన మర్నాడు లక్షల నజరానా ప్రకటించడం సంతోషమే. అందులో కొంత భాగమైనా 2300 నుంచి 2600 రేటింగ్ మధ్య ఉన్న యువ క్రీడాకారులకు కోచింగ్, ప్రయాణ ఖర్చుల రూపంలో మూడు నాలుగేళ్లపాటు నికరంగా అందేలా ఏర్పాటు చేస్తే మేలు. ప్రసూతి కారణంగా విరామం తీసుకున్న క్రీడాకారిణులకు తిరిగి వచ్చాక మొదటి రెండేళ్లు ఆ సాయం కొనసాగాలి. రెండు రాష్ట్రాల్లోని ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకోటాలో చదరంగానికి ఏటా కొన్ని ఉద్యోగాలు కేటాయించడం అంత భారం కాదు. వీటి గురించి మీ సంపాదకీయ పుటలో చర్చ జరగాలని కోరుతున్నాను.

మీ క్రీడాపుటకు సంబంధించి నా కోరిక చిన్నది. గెలుపు ఓటముల వార్తతోపాటు ఆ క్రీడాకారుల గత పదేళ్ల ప్రయాణాన్ని నాలుగు వాక్యాల్లోనైనా ఇవ్వండి. రేటింగ్ పడిపోయినవారి గురించి, ఆట ఆపి కోచ్‌లుగా మారినవారి గురించి, విరామం తర్వాత తిరిగి వచ్చినవారి గురించి అప్పుడప్పుడూ రాయండి. వారానికి ఒకసారి ఒక ఆటను బల్ల బొమ్మతో, ఎత్తులతో ప్రచురిస్తే పిల్లలు దాన్ని కత్తిరించి దాచుకుని, ఇంట్లో పావులు పేర్చుకుని ఆడి చూస్తారు. మొదటి బొమ్మగా బటూమి సెమీఫైనల్‌లో హంపి తప్పక గెలవవలసి వచ్చి గెలిచిన ఆ పది నిమిషాల ఆట వేయవచ్చు. ఎత్తులను రాసి, పిల్లలకు అర్థమయ్యే తెలుగులో వ్యాఖ్య జతచేసి పంపడానికి ఇక్కడి మా చదరంగ మిత్రులం సిద్ధంగా ఉన్నాము. దానికి పారితోషికం అక్కర్లేదు.

భవదీయుడు,
విశ్రాంత గణితోపాధ్యాయుడు,
గుడివాడ, కృష్ణా జిల్లా